పులిని చూసిన ఇల్లాలు

నీళ్లకని వాగుకు వెళ్లిన ఇల్లాలు పొద్దెక్కినా తిరిగిరాలేదు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. మొగుడికి ఆకలి. ఆకలితో పాటే కోపం. ఆమె గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, చెయ్యెత్తాడు. దెబ్బ తగల్లేదు. మళ్లీ ఎత్తాడు. ఈసారీ తగల్లేదు. అతను ఎటునుంచి కొట్టబోయినా ఆమె ఓ అడుగు పక్కకేసి, ఒళ్లు కాస్త వంచి, తప్పుకుంటూనే ఉంది. చివరికి అతనే అలిసిపోయాడు. కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది.

'ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?' అని అడిగాడు.

వాగు ఒడ్డున పులీ, కోతీ పోట్లాడుకుంటుంటే చూస్తూ ఉండిపోయానని చెప్పిందావిడ. పులి పంజా విసిరిన ప్రతిసారీ కోతి ఎలా తప్పుకుందో, సందు దొరగ్గానే ఎలా తిరగబడిందో చేసి చూపించింది. భర్త ఆమె దగ్గర కూర్చుని అదంతా నేర్చుకున్నాడు. తర్వాత ఊరివాళ్లకు నేర్పాడు. అలా పుట్టిందట ఓ యుద్ధవిద్య!

ఇండొనేషియాలోని పశ్చిమ జావాలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఆ విద్య పేరు పెన్‌చాక్ సిలాత్. అందులో బాగా పాతదైన ఓ సంప్రదాయానికి పుట్టినిల్లు చిమాండే అనే పల్లె. కథలోని భర్త పేరు కహీర్. 18వ శతాబ్దం మనిషి. ఆ విద్య నేర్చినవాళ్లంతా ఆయన్ని కహీర్ తాత అని భక్తిగా తలుచుకుంటారు. పులిని చూసిన ఇల్లాలిని మాత్రం చాలామంది 'కహీర్ భార్య' అనే అంటారు. అంతే!

ఆడమనిషి కళ్లతో మొదలైందని చెప్పుకునే విద్యలో ఆడవాళ్ల చోటెంత? ఆ సంగతి తెలుసుకోవాలంటే ఆ వాగు దగ్గర బయల్దేరి బాండుంగ్ మీదుగా జకార్తా దాకా వెళ్లాలి.

వాగు పేరే ఊరి పేరు

జకార్తా నుంచి లోకల్ రైలెక్కి దక్షిణంగా వెళితే బోగోర్ వస్తుంది. దాన్ని 'వానల ఊరు' అంటారు. మధ్యాహ్నం దాకా కాసిన ఎండ కాస్తా సాయంత్రానికి జడివానగా మారడం అక్కడ మామూలే. డచ్చివాళ్ల కాలంలో, 1817లో మొదలైన పెద్ద బొటానికల్ గార్డెన్ ఉన్నది ఈ ఊళ్లోనే. పర్యాటకులు చాలామంది అది చూసుకుని వెనక్కి తిరిగేస్తారు. అక్కణ్నుంచి సుకబూమి వైపు రోడ్డు పట్టుకుంటే ఓ పక్క సలాక్ కొండ, మరో పక్క పాంగ్రాంగో కొండ. రెండింటి నడుమ వరిమళ్లు, అరటితోటలు, ఎర్రపెంకుల ఇళ్లు. చిమాండే ఉన్నది అక్కడే.

ఆ ప్రాంతంలో మాట్లాడేది సుండా భాష. అందులో 'చి' అంటే నీరు. చిమాండే, చియాంజూర్, చియామిస్, చిసదానే... ఇలా ఎన్నో ఊళ్ల పేర్లూ, ఏళ్ల పేర్లూ 'చి'తోనే మొదలవుతాయి. మన దగ్గర ఏరు పేరుతో వెలసిన ఊళ్లున్నట్టే అక్కడా నీళ్ల పేరుతోనే ఊళ్లు.

చిమాండే పేరు వినగానే జావాలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కొట్లాట కాదు, కట్టు. విరిగిన ఎముకలకు మనకు పుత్తూరు కట్టు ఎలాగో వాళ్లకు చిమాండే అలాగ! కాలో చెయ్యో విరిగితే ఇక్కడికి తీసుకొస్తారు. మూలికలు వేసి కాచిన నూనెతో మర్దనా చేసి కట్టు కడతారు. ఆ నూనెకూ యుద్ధవిద్యకూ చుట్టరికం ఉంది. చిమాండే సాధనలో ఇద్దరు ఎదురెదురుగా నేలమీద కూర్చుంటారు. ఒకరు కొడితే ఒకరు ముంజేత్తో కాచుకుంటారు. ముంజేతులు కందిపోయేదాకా అలా సాగుతుంది. తర్వాత అదే నూనె రాసి మర్దనా చేస్తారు. అలా కొన్నాళ్లకు చేతులు కర్రల్లా గట్టిపడతాయి. దెబ్బ, దెబ్బకు మందు... రెండూ ఒకే ఇంట్లో ఉంటాయన్నమాట.

కొత్తగా చేరేవాళ్లు ముందు ప్రమాణం చెయ్యాలి. అల్లాకు, తల్లిదండ్రులకు, గురువుకు విధేయంగా ఉంటామనీ, అబద్ధాలూ దొంగతనాలూ చేయమనీ, వచ్చిన విద్య చూసుకుని గర్వపడమనీ మాటివ్వాలి. దాన్ని 'తాలెక్ చిమాండే' అంటారు. మరో ఆచారం ఇంకా చిత్రంగా ఉంటుంది. శిష్యుడి కళ్లలో గురువు ఆకుపసరు చుక్కలు వేస్తాడు. మండుతుంది. నీళ్లు కారతాయి. అయినా ఓర్చుకోవాలి. దీంతో చూపు పదునెక్కుతుందనీ, ఎదుటివాడి కదలికను ముందే పసిగట్టే నేర్పు వస్తుందనీ నమ్మకం.

పులీ కోతీ కథ తెలిసినవాళ్లకు ఈ ఆచారం మరోలా తోస్తుంది. వాగు ఒడ్డున నిలబడిన ఆ ఇల్లాలు చేసిందీ అదే కదా! ఆవిడ ఎవర్నీ కొట్టలేదు. కళ్లార్పకుండా చూసింది. చూసింది గుర్తుపెట్టుకుంది.

అయితే ఈ కథకు ఒకే రూపం లేదు. కొందరు పులీ కోతీ అంటే, కొందరు పులీ పెద్ద పక్షీ అంటారు. ఆ పక్షి కథలో ఇల్లాలికి పేరుంది... రామా సుకనా. తాగిన మగాళ్ల గుంపు మీదపడితే, జంతువుల దగ్గర చూసిన ఎత్తులతో ఆమె తనను తాను కాపాడుకుందట. తర్వాత భర్తకు నేర్పిందట. భార్య ప్రసక్తి లేకుండా, పోట్లాట చూసింది కహీరేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. చరిత్రకారులకు ఇవన్నీ జానపద కథలే. ఒకటి మాత్రం గమనించాలి. ఇల్లాలు ఉన్న కథల్లో ఈ విద్య యుద్ధభూమిలో పుట్టలేదు. మొదటి ఎత్తు వేసింది పరాయి సైనికుడి మీద కాదు. చెయ్యెత్తిన మగాడి నుంచి తప్పుకోవడానికి!

పువ్వూ... పండూ

పెన్‌చాక్ సిలాత్ అంటే ఒకే పద్ధతి కాదు. ఇండొనేషియా, మలేసియా, సింగపూర్, బ్రూనై, దక్షిణ థాయ్‌లాండ్, దక్షిణ ఫిలిప్పీన్స్... ఇలా మలయ్ జాతులున్న చోటల్లా ఇది ఏదో ఒక రూపంలో ఉంది. ఒక్క ఇండొనేషియాలోనే వందల సంప్రదాయాలున్నాయి. ఒకచోట పులిలా నేలను పట్టుకుని పాకుతారు. మరోచోట నిలబడిన చోటే నిలబడి చేతులతోనే పని కానిస్తారు. కత్తి, కర్ర, పులిగోరులా వంపు తిరిగిన కరాంబిత్ అనే చిన్న బాకు... ఆయుధాలు కూడా బోలెడు.

సిలాత్ నేర్పే చోటును 'పెర్గురువాన్' అంటారు. అందులో మనకు తెలిసిన మాట దాగుంది చూశారా? గురువు! పెద్ద గురువును 'గురు బెసార్' అంటారు. ఇండొనేషియా భాషలో సంస్కృత పదాలు ఇలా అడుగడుగునా తగులుతాయి. వనిత అంటే వాళ్లకూ వనితే. 'ఇస్త్రీ' అంటే భార్య. పోటీల్లో పురుషుల విభాగం 'పుత్ర', మహిళల విభాగం 'పుత్రి'.

ఈ విద్యను వాళ్లు వివరించే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. చూడటానికి నాట్యంలా సాగే కదలికలు 'పువ్వు'. ఆ కదలికలోంచి అదను చూసి బయటికొచ్చే దెబ్బ 'పండు'. పువ్వు చూసి ముచ్చటపడేవాడికి లోపల పండు ఉందని తెలియదు. పెళ్లిళ్లలో, పండగల్లో జనం ముందు ప్రదర్శించేది పువ్వునే. పండు సంగతి శిష్యుడికి, అదీ గురికుదిరాక చెబుతారు.

సుండా ప్రాంతంలో ప్రదర్శనకు వాద్యాలు తప్పనిసరి. సన్నాయిని పోలిన తారొంపేత్, ఓ చిన్న గంట, రెండు జతల డోళ్లు. అందులో ఒకటి 'తల్లి డోలు', ఇంకోటి 'పిల్ల డోలు'. పిల్ల డోలు తాళం తప్పకుండా నడుస్తుంటే, బరిలో ఉన్న మనిషి కదలికను పట్టుకుని వాయించేది తల్లి డోలు. నెమ్మదిగా మొదలైన దరువు 'పదుంగ్‌దుంగ్' దాకా వచ్చేసరికి ఉరుములా మారుతుంది. అప్పటిదాకా నాట్యమనుకున్నది కాస్తా పోరాటమైపోతుంది. మన పల్లెల్లో డప్పు ఊపందుకోగానే కర్రసాము చేసేవాడిలో హుషారు పుట్టినట్టే!

2019 డిసెంబరులో యునెస్కో ఇండొనేషియా పెన్‌చాక్ సిలాత్‌ను, మలేసియా సిలాత్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దెబ్బలాటగా మాత్రమే కాదు, ఆట, పాట, ప్రార్థన, నడవడిక కలిసిన సంప్రదాయంగా దానికి ఆ గుర్తింపు దక్కింది.

బాండుంగ్ రుక్మిణి

బోగోర్ నుంచి పాత దారిన తూర్పుకు వెళితే పుంచక్ కనుమ, తేయాకు తోటలు. కనుమ దిగితే చియాంజూర్. ఈ ఊరు గర్వంగా చెప్పుకునే విషయాలు మూడు... ఖురాన్ పఠనం, సంగీతం, సిలాత్. అది దాటి ఇంకా ముందుకెళితే బాండుంగ్. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న చల్లని నగరం. 1955లో నెహ్రూ పాల్గొన్న ఆసియా-ఆఫ్రికా దేశాల సదస్సు జరిగింది ఇక్కడే. జకార్తా నుంచి నేరుగా రావాలంటే ఇప్పుడు హైస్పీడ్ రైలుంది. 2023లో మొదలైంది.

ఈ ఊళ్లో 1904లో దేవీ సార్తికా అనే యువతి ఆడపిల్లల కోసం ఓ బడి తెరిచింది. పేరు 'సకోలా ఇస్త్రీ'. అంటే స్త్రీల బడి. చదువు, కుట్టుపని, ఇంటి లెక్కలు నేర్పేవారు. ఆడపిల్లకు బడి ఎందుకన్న కాలంలో అదో సాహసం. ఇండొనేషియా ఆమెను జాతీయ వీరనారిగా గౌరవించింది.

ఆ తర్వాత అయిదేళ్లకు, 1909లో, అదే బాండుంగ్‌లో అబా అలేహ్ అనే గురువు 'పాంగ్లిపూర్' అనే సిలాత్ సంప్రదాయానికి శ్రీకారం చుట్టాడు. యుద్ధవిద్యకు ఆయన పెట్టుకున్న పేరు చూడండి... పాంగ్లిపూర్ అంటే ఓదార్పు! చిమాండేతో పాటు పశ్చిమ జావాలోని వేర్వేరు పద్ధతుల్ని ఆయన ఒకచోటికి తెచ్చాడు.

సిలాత్‌లో విద్య సాధారణంగా తండ్రి నుంచి కొడుక్కి, లేదంటే అల్లుడికి వెళుతుంది. అబా అలేహ్ తర్వాత పాంగ్లిపూర్ బరువు మోసింది ఆయన కూతురు. పేరు ఎన్నీ రుక్మిణీ సెకర్నింగ్రాత్. పేరులో రుక్మిణి ఉన్నా ఆమె ముస్లిం కుటుంబంలో పుట్టిన సుండా స్త్రీయే. జావాలో అదేం వింత కాదు. రామాయణ భారతాల్లోని పేర్లు అక్కడ మతంతో పనిలేకుండా ఇంటింటా వినిపిస్తాయి. ఎన్నీ రుక్మిణి తండ్రి దగ్గర నేర్చింది, తండ్రి తర్వాత నేర్పింది. వృద్ధాప్యంలోనూ శిష్యులకు ఆమే పెద్దదిక్కు. పాంగ్లిపూర్ విద్య ఇప్పుడు ఐరోపా దేశాల్లోనూ సాగుతోంది. అక్కడ నేర్చుకునేవాళ్లు గురుపరంపర చెప్పాల్సి వస్తే అబా అలేహ్ పేరు తర్వాత ఆమె పేరు చెప్పాలి. ఈ కథలో కూతురు పేరు ఎవరూ మర్చిపోలేదు.

బాండుంగ్‌లోనే మరో ఇల్లుంది. 1951లో ఉయూహ్ సువాందా అనే గురువు 'మాందే ముదా' అనే పెర్గురువాన్ స్థాపించాడు. ముదా అంటే యువ. యువ చిమాండే అనుకోవచ్చు. ఆయన కొడుకు హెర్మన్ సువాందా దాన్ని అమెరికాకు తీసుకెళ్లాడు. ఐరోపాలోనూ శిష్యుల్ని తయారుచేశాడు. 2000 సంవత్సరంలో జర్మనీలో జరిగిన కారు ప్రమాదంలో హెర్మన్ చనిపోయాడు. ఖండాలు దాటిన విద్య. ఉన్నట్టుండి పెద్ద దిక్కులేదు. అప్పుడు ఆ స్థానంలోకి వచ్చింది హెర్మన్ సోదరి రీటా సువాందా. అన్నాళ్లూ హెర్మన్‌ను చూసి నేర్చుకున్న విదేశీ శిష్యులు ఆ తర్వాత ఆమెను గురువుగా స్వీకరించారు.

ఒకచోట కూతురు, ఒకచోట సోదరి. ఇద్దరూ బయటి నుంచి వచ్చి తలుపు తట్టినవాళ్లు కాదు. ఆ ఇళ్లలోనే పెరిగారు. చిన్నప్పట్నుంచీ ముంగిట్లో సాధన చూస్తూ, చేస్తూ ఎదిగారు. పెద్దరికం మాత్రం మగదిక్కు పోయాకే వాళ్ల దాకా వచ్చింది. అదొక్కటే కాస్త ఆలోచించాల్సిన సంగతి.

అమ్మల రాజ్యంలో

బాండుంగ్ నుంచి జకార్తా తిరిగొస్తే నగరానికి తూర్పున 'తామన్ మినీ' అనే పెద్ద పార్కుంది. 1975లో తెరిచారు. దేశంలోని ఒక్కో ప్రాంతపు ఇళ్లను యథాతథంగా కట్టి చూపించడం దాని ప్రత్యేకత. వాటిలో అందర్నీ ఆకట్టుకునేది గేదె కొమ్ముల్లా పైకి లేచిన కప్పుతో ఉండే ఇల్లు. అది పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావ్ ప్రజలది. సిలాత్ చరిత్రలో చిమాండే ఎంత ముఖ్యమో మినాంగ్‌కబావ్ కూడా అంతే. అక్కడ దాన్ని 'సిలెక్' అంటారు.

మినాంగ్‌కబావ్ సమాజానికి ఓ విశేషముంది. ఇల్లూ, వరిపొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. వంశం పేరు కూడా తల్లిదే. పెళ్లయ్యాక అత్తారింటికి వెళ్లేది అల్లుడే! ముస్లిం సమాజమై ఉండీ మాతృవంశ ఆచారాన్ని ఇంత పెద్ద ఎత్తున నిలుపుకున్నవాళ్లు ప్రపంచంలో మరొకరు లేరని చెబుతారు.

అలాంటి చోట సిలెక్ కూడా ఆడవాళ్లదే అయ్యుంటుందని అనుకుంటాం. కానీ జరిగింది వేరు. ఇంట్లో గదులన్నీ ఆడవాళ్లవి కాబట్టి కాస్త ఎదిగిన మగపిల్లలు రాత్రిళ్లు 'సురావ్' అనే ప్రార్థనాశాలలో పడుకునేవారు. అక్కడ ఖురాన్ చదివేవారు. ముంగిట్లో సిలెక్ నేర్చేవారు. ఆపైన పొట్టచేతపట్టుకుని దేశాలమీద పోయేవారు. ఇల్లు లేని కుర్రాడికి సిలెక్ తోడుగా వెళ్లేది. అలా ఆస్తి ఆడపిల్లకూ, విద్య మగపిల్లాడికీ అన్నట్టు వాటా పడింది.

ఆ వాటాను దాటినావిడ కూడా అక్కడే ఉంది. పేరు సితి మంగోపో. 1881లో పుట్టింది. 1908లో డచ్చి ప్రభుత్వం మినాంగ్‌కబావ్ జనం నెత్తిన కొత్త పన్ను వేసింది. తరతరాలుగా తమదైన భూమికి పన్నేమిటని జనం తిరగబడ్డారు. ఆ జూన్‌లో ఓ రాత్రి మంగోపోలోని డచ్చి స్థావరం మీద పడిన దళంలో భర్త రషీద్‌తో పాటు సితి కూడా ఉంది. ముందు నిలిచి నడిపిందనే ఆమె పేరు. చిన్నప్పుడు మగపిల్లలతో సమానంగా సిలెక్ నేర్చుకుందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అప్పటికామె చంటిబిడ్డ తల్లి. దొరికిపోయాక భర్తను దూరంగా మనాడోకు పంపేశారు. ఆమెను జైల్లో పెట్టారు. స్వతంత్ర ఇండొనేషియాను కళ్లారా చూసి 1965లో కన్నుమూసింది.

సిలెక్ అడుగులతోనే పుట్టిన వీధినాటకం 'రందాయ్'. నటులు వలయంగా తిరుగుతూ, వదులైన నల్లలాగును చరుస్తూ కథ నడిపిస్తారు. ఆ చప్పుడే డప్పు! మన దగ్గర ఒకప్పుడు స్థానం నరసింహారావు లాంటి మేటి నటులు స్త్రీ పాత్రలు వేసినట్టే రందాయ్‌లోనూ ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. 1960ల నుంచీ ఆడవాళ్లు వలయంలోకి వచ్చారు. రందాయ్‌కి ఇష్టమైన కథల్లో ఒకటి సబాయ్ అనే అమ్మాయిది. తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకుంటుందామె. అన్నాళ్లూ ఆ వీరనారి వేషం కూడా మగవాళ్లదే!

ఆరుకు ఆరు

తామన్ మినీ దగ్గరే 1997లో కట్టిన పెన్‌చాక్ సిలాత్ భవనం ఉంది. ఈ విద్యకు అదే జాతీయ కేంద్రం. అంతకు చాలా ముందే, 1948లో, ఎవరికి వారుగా ఉన్న పెర్గురువాన్‌లను కలిపి సొలోలో జాతీయ సంఘం పెట్టారు. 1980లో ఇండొనేషియా, మలేసియా, సింగపూర్, బ్రూనై కలిసి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పాటు చేశాయి. ముంగిట్లో విద్య నిబంధనలున్న ఆటైంది. 1987లో ఆగ్నేయాసియా క్రీడల్లో చోటు దక్కింది. 2018లో జకార్తా ఆతిథ్యమిచ్చిన ఆసియా క్రీడల్లో తొలిసారి అడుగుపెట్టింది. ఆ పోటీలు జరిగింది ఈ భవనంలోనే.

మొత్తం 16 బంగారు పతకాలు. ఇండొనేషియా 14 గెల్చుకుంది. రెండు వియత్నాం పురుషులకు వెళ్లాయి. అంటే... మహిళలవి ఆరుంటే ఆరూ ఇండొనేషియా అమ్మాయిలవే!

ముఖాముఖి పోరులో వేవే వీతా, సారా త్రియా మోనితా, పిపియెత్ కమేలియా తలో విభాగంలో గెలిచారు. కళాత్మక విభాగంలో మొదటి పతకం పుస్ప ఆరుం సారీది. ఆమె ఒక్కతే బరిలో నిలబడి మూడు నిమిషాల్లో నూరు కదలికలు చూపించాలి. ముందు వట్టి చేతులతో, తర్వాత కత్తితో, ఆ తర్వాత కర్రతో. క్షణం ముందు ముగిసినా, వెనక ముగిసినా మార్కులు పోతాయి. ఇద్దరు కలిసి చేసే పోరాట ప్రదర్శనలో బాలి అమ్మాయిలు ఆయు సిదాన్ విలంతరి, ని మదే ద్వియంతి. ముగ్గురు ఒకే నీడలా కదలాల్సిన పోటీలో ప్రముదిత యూరిస్త్యా, లుత్ఫీ నూర్‌హసనా, గినా త్రీ లెస్తారీ. తలకు వస్త్రం చుట్టుకున్న ముస్లిం అమ్మాయిలూ, బాలి హిందూ అమ్మాయిలూ ఒకే జట్టుగా పతకాలు తెచ్చారు.

పురుషుల విభాగంలో గెలిచిన హనీఫాన్ అనే కుర్రాడు పోటీ చూడవచ్చిన అధ్యక్షుడు జోకో విదోదోనూ, ఆయన రాజకీయ ప్రత్యర్థి ప్రబోవో సుబియాంతోనూ కలిపి కౌగిలించుకున్న ఫొటో అప్పట్లో దేశమంతా తిరిగింది. ఆ హనీఫాన్, పిపియెత్ తర్వాత పెళ్లి చేసుకున్నారు. ఒకే ఇంట్లో రెండు ఆసియా స్వర్ణాలన్నమాట!

ఇలా గెలిచే అమ్మాయిలను ఇండొనేషియా పత్రికలు 'శ్రీకాండి' అంటాయి. ఎవరో కాదు, మన భారతంలోని శిఖండే. మనకు శిఖండి అంటే భీష్ముడి ముందు నిలబెట్టిన అడ్డు. మాటగా వాడితే తిట్టు. జావా తోలుబొమ్మలాటలో మాత్రం శ్రీకాండి అచ్చమైన వీరవనిత. అర్జునుడి దగ్గర విల్లు పట్టడం నేర్చి, అతన్నే పెళ్లాడిన విలుకత్తె! 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇండొనేషియాకు తొట్టతొలి ఒలింపిక్ పతకం తెచ్చింది ముగ్గురు మహిళా విలుకాళ్లు. వాళ్ల మీద 2016లో వచ్చిన సినిమా పేరూ 'మూడు శ్రీకాండి'యే. ఒకే పాత్ర... సముద్రం దాటితే ఎంత మారిపోయిందో!

ఆసియా క్రీడల నాటి పోరు నిబంధనల్లో ఓ ముచ్చటుంది. పిడిగుద్దు తగిలితే ఒక పాయింటు. తన్నుకు రెండు. ప్రత్యర్థిని కింద పడేస్తే మూడు. అయితే ఎదుటివాళ్ల దెబ్బను కాచుకునో, తప్పుకునో ఆ వెంటనే కొడితే అదనంగా మరో పాయింటు! దెబ్బ కొట్టడమే కాదు, దెబ్బ తప్పించుకోవడం కూడా విద్యేనని ఆ పాయింటుకు అర్థం. వాగు నుంచి ఆలస్యంగా వచ్చిన ఇల్లాలు గుమ్మంలో చేసింది కూడా అదే.

వెళ్లాలనుకుంటే...

మన దేశంలోనూ ఈ ఆట వేళ్లూనుకుంటోంది. 2023లో గోవాలో జరిగిన జాతీయ క్రీడల్లో పెన్‌చాక్ సిలాత్‌కు చోటిచ్చారు. దాని సొంతూరు చూడాలనుకునేవాళ్లు జకార్తాలో దిగితే తామన్ మినీకి ఒకరోజు, బోగోర్ చిమాండేలకు ఒకరోజు, బాండుంగ్‌కు రెండ్రోజులు పెట్టుకుంటే సరిపోతుంది. బోగోర్ వెళ్లేటప్పుడు గొడుగు మర్చిపోవద్దు. చిమాండేలో టిక్కెట్టు కొని చూసే ప్రదర్శనశాల లాంటిదేం ఆశించకూడదు. అది మామూలు పల్లె. కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఎవరింటి ముంగిట్లోనైనా పిల్లలు ఎదురెదురుగా కూర్చుని ముంజేతులు తాకిస్తూ కనిపిస్తే కాసేపు ఆగి చూడొచ్చు. ఆ వరసలో ఆడపిల్లలూ ఉండొచ్చు.

భాష తెలిసిన తోడు ఉంటే పెద్దవాళ్లను పులి కథ అడగండి. కోతితో పోట్లాడిందంటారో, పక్షితో అంటారో, అదంతా చూసింది కహీర్ తాతే అంటారో... ఎవరి కథ వాళ్లది. ఇల్లాలున్న కథే చెబితే మాత్రం ఇంకో ప్రశ్న వేయండి.

ఆవిడ పేరేమిటని!